మాడితే నాలుగే మాడాలి!

వేసవి సెలవులు. మధ్యాహ్నం మూడు గంటలు. ఆ ఇల్లు గద్వాలలో ఉండొచ్చు, వనపర్తిలోనో నాగర్‌కర్నూలులోనో ఉండొచ్చు. ఎనిమిదో తరగతి పిల్ల ఫోన్లో వీడియో చూసి, కుకీలు చేస్తానంటూ వంటింట్లో దూరింది. గంట గడిచేసరికి ఇల్లంతా మాడు వాసన. పళ్లెంలో పెట్టిన పదహారు బిస్కెట్లూ కలిసిపోయి ఒకే అట్టయ్యాయి. పైన పచ్చి, అడుగున బొగ్గు. 'పావుకిలో వెన్న పాడుచేసినవు. ఇంకోసారి పొయ్యి కాడికి వస్తే చూడు!' అని అమ్మ కేక. చాలా ఇళ్లలో పిల్లల వంట చదువు ఆ కేకతోనే ముగిసిపోతుంది.

ఇంతకీ తప్పెవరిది? అరిసెల పాకం ఎప్పుడు దించాలో, సకినాల పిండి ఎంత తడపాలో చెప్పడానికి ఇంట్లో పెద్దవాళ్లున్నారు. బిస్కెట్ల సంగతి అలా కాదు. పిండి, చక్కెర, డాల్డా తీసుకెళ్లి ఇస్తే బేకరీవాళ్లు కాల్చి డబ్బాలో పోసిచ్చే పద్ధతి చాలా ఊళ్లలో ఉండేది. కాల్చే విద్య బట్టీ దగ్గరే ఉండిపోయింది, వంటింట్లోకి రాలేదు. కాబట్టి ఇంట్లో మొదటిసారి కుకీలు చేసేవాళ్లకు గురువు ఎవరయ్యా అంటే, చెడిపోయిన పళ్లెమే!

ఆ పళ్లెం ఏం చెబుతుందో విందాం. బిస్కెట్లు పరచుకుపోయాయా? వెన్న మరీ కరిగిందన్నమాట. వెన్న 35 డిగ్రీల లోపే కరిగిపోతుంది. పాలమూరు ఎండలు మే నెలలో 40 డిగ్రీలు దాటుతాయి. అంటే పిండి చేతిలో ఉండగానే జారుతుంది. కలిపిన ముద్దను అరగంట ఫ్రిజ్‌లో పెడితే చాలు. చక్కెర ఎక్కువైనా ఇలాగే పరచుకుంటాయి.

రాయిలా గట్టిపడ్డాయా? పిండిని చపాతీకి పిసికినట్టు పిసికి ఉంటారు. గోధుమ, మైదాల్లోని గ్లూటెన్ పిసికిన కొద్దీ సాగుతుంది. చపాతీకి అదే బలం, బిస్కెట్‌కు అదే శత్రువు. ముద్ద అయ్యేంతవరకు కలిపి చేయి తీసేయాలి.

అడుగు మాడిందా? కుక్కర్‌లో వేడి ఎక్కువగా కిందినుంచే వస్తుంది. పైభాగం ఎర్రబడేదాకా ఆగితే అడుగు బొగ్గవడం ఖాయం. పైరంగు కాదు, అంచుల రంగు చూడాలి. అంచులు గోధుమ రంగులోకి తిరిగి, నడుమ ఇంకా మెత్తగా ఉన్నప్పుడే దించేయాలి. చల్లారాక వాటంతటవే గట్టిపడతాయి. వేడిమీద నొక్కి చూసి 'ఉడకలేద'నుకుని మళ్లీ పెట్టడమే చాలామంది చేసే పొరపాటు.

ఇక వీడియో కొలతలు! అమెరికా వాళ్లు '350 డిగ్రీలు' అంటే అది ఫారెన్‌హీట్. మన ఓవెన్‌లో అది 177 సెల్సియస్. వాళ్ల 'కప్పు'లో దాదాపు 240 మిల్లీలీటర్లు పడతాయి. మన టీ కప్పుతో కొలిస్తే లెక్క తప్పదా మరి? చిన్న త్రాసు కొనుక్కుని గ్రాముల్లో తూచుకోవడం మేలు.

ఈ ప్రాంతపు ఇళ్లలో ఇంకో పాఠం ఎప్పటినుంచో ఉంది... అదే జొన్నరొట్టె. జొన్నలో గ్లూటెన్ ఉండదు. అందుకే 'ఎసరు మరగనీయి బిడ్డా, లేకుంటే రొట్టె ఇరుగుతది' అంటుంది అవ్వ. వేడినీళ్లకు పిండిలోని గంజి జిగురై ముద్ద నిలుస్తుంది. రొట్టెకు కష్టం తెచ్చే ఈ గుణమే బిస్కెట్‌కు కలిసొస్తుంది. ఎంత కలిపినా సాగదు, గట్టిపడదు. కాకపోతే జొన్న ఒక్కటే వేస్తే పొడిపొడిగా రాలుతుంది. కొంచెం గోధుమపిండి కలిపితే నిలుస్తుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థ జొన్నతో బిస్కెట్లు చేసే పద్ధతులు ఎప్పుడో రూపొందించింది. ఇక పల్లీలంటారా, ఈ మూడు జిల్లాల చేలల్లో పండేవే!

చాక్లెట్ చిప్ కుకీ పొరపాటున పుట్టిందని ఓ కథ ప్రచారంలో ఉంది. 1930ల్లో దాన్ని తయారుచేసిన రూత్ వేక్‌ఫీల్డ్ అమెరికాలోని మాసచూసెట్స్‌లో టోల్‌హౌస్ ఇన్ అనే హోటల్ నడిపారు. గృహవిజ్ఞానం చదివి, దాన్ని బోధించిన మనిషి. కొత్త రుచి కోసం కావాలనే ప్రయత్నించారామె. అదృష్టం అనుకున్నదాని వెనుక ఓపికే ఉంది.

ఆ ఓపికకు ఓ చిన్న ఉపాయం తోడైతే ఏ అమ్మా కేకలేయదు. ముద్ద మొత్తం ఒకేసారి కాల్చొద్దు. ముందు నాలుగంటే నాలుగే పెట్టాలి. మిగతాది ఫ్రిజ్‌లో ఉండనివ్వాలి. ఆ నాలుగూ ఎలా వచ్చాయో నోటుబుక్కులో రాసుకోవాలి. తర్వాతి నాలుగింటికి ఒక్క మార్పే చేయాలి. మంట తగ్గించడమో, సమయం తగ్గించడమో... రెండూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. మాడినా పోయేది నాలుగు బిస్కెట్లే, మిగిలేది ఓ పాఠం.

జొన్న, పల్లీ కుకీలు

కావలసినవి: జొన్నపిండి 100 గ్రాములు, గోధుమపిండి 50, వేయించి పొట్టుతీసిన పల్లీల పొడి 50, వెన్న 100, బెల్లం తురుము 80, బేకింగ్ పౌడర్ అర టీస్పూను, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల పాలు.

చేసే విధానం: వెన్న, బెల్లం బాగా గిలకొట్టి, పొడులన్నీ కలపాలి. పాలు చిలకరించి ముద్ద చేసి అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి. పాత కుక్కర్‌లో అంగుళం మందాన ఉప్పు పోసి, స్టాండు పెట్టి, గాస్కెట్, విజిల్ తీసేసి మూతపెట్టి పది నిమిషాలు వేడిచేయాలి. నీళ్లు పోయకూడదు. చిన్న బిళ్లలు చేసి, వెన్న రాసిన పళ్లెంలో ఎడంగా పెట్టి సన్నమంట మీద కాల్చాలి. పన్నెండో నిమిషం నుంచి అంచులు చూస్తుండాలి. ఓవెన్ అయితే 170 డిగ్రీలు.

తొలిసారి సరిగా రాలేదా? అవ్వనే అడగండి, ఆమె చేసిన మొదటి రొట్టె పెంక మీద ఎన్ని ముక్కలైందో!