కత్తి పెట్టకముందే అడగాలి

2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వాస్పత్రిలో ఒక్కరోజే 34 మంది మహిళలకు లాపరోస్కోపుతో కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. మిగతా 30 మందిని హుటాహుటిన హైదరాబాద్ ఆస్పత్రులకు తరలించారు. ఇన్ఫెక్షనే కారణమని తేలింది. ఎక్కడో జరిగిందిలే అని వికారాబాద్, తాండూరు ఊరుకోవడానికి వీల్లేదు. 2016 అక్టోబరు దాకా ఆ ఊరూ మన ఊళ్లూ ఒకే రంగారెడ్డి జిల్లా.

ఒకరికి వాడిన లాపరోస్కోపును కడిగి, గ్లుటరాల్డిహైడ్ ద్రావణంలో 20 నిమిషాలు నానబెట్టాకే మరొకరికి వాడాలి. బయట వరుస పెరిగితే ముందు కోత పడేది ఆ 20 నిమిషాలకే. వద్దని ఆపే గొంతు ఒకటి థియేటర్లో ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన సర్జరీ చెక్‌లిస్టు పని అదే. మత్తు ఇచ్చేముందు, కోత పెట్టేముందు, రోగిని థియేటర్ దాటించేముందు మూడుసార్లు ఆగాలి. రోగి ఎవరు, ఏ ఆపరేషన్, ఏ వైపు? మందులేవైనా పడవా? గంటలోపు యాంటీబయాటిక్ పడిందా? పరికరాలు స్టెరిలైజ్ అయ్యాయా? దూది, గాజుగుడ్డ, సూదుల లెక్క సరిపోయిందా? మొత్తం 19 అంశాలు. ఢిల్లీ సహా 8 నగరాల ఆస్పత్రుల్లో దీన్ని అమలు చేసి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో వెల్లడైంది.

పెద్దాస్పత్రికి వెళ్తే భయం లేదనుకోవద్దు. 2018 నవంబరులో హైదరాబాద్ నిమ్స్‌లో ఆపరేషన్ అయిన ఒక మహిళ కడుపులో ఫోర్సెప్స్ ఉండిపోయిందని 2019 ఫిబ్రవరిలో ఎక్స్‌రేలో బయటపడింది. లెక్క పైకి చదివి సరిచూసుకుంటే దొరికే వస్తువే అది.

అసలు ప్రమాదం చెక్‌లిస్టు లేకపోవడం ఒక్కటే కాదు. ఆపరేషన్ అయ్యాక తీరిగ్గా అన్ని గళ్లలో టిక్కులు కొట్టి కేస్ షీట్‌లో పెట్టేస్తే అది ఆడిట్‌కు పనికొస్తుంది గానీ, రోగికి కాదు. సర్జన్ ఎంత సీనియరైనా సరే, నర్సు "ఆగండి సార్, లెక్క తేడా ఉంది" అంటే చెయ్యి ఆగాలి. ఆ ధైర్యం నర్సుకివ్వాల్సింది సూపరింటెండెంటే.

తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంటే థియేటర్ గడప తొక్కని ఇల్లు తక్కువే. వికారాబాద్, తాండూరు ప్రభుత్వాస్పత్రులూ ప్రైవేటు నర్సింగ్ హోములూ రేపటి మొదటి కేసు నుంచే చెక్‌లిస్టును పైకి చదవాలి. జిల్లా వైద్యాధికారి ముందస్తు కబురు లేకుండా వెళ్లి చూడాలి. పేషెంటు తరఫువాళ్లు సంతకం పెట్టేముందు ఒక్క మాట అడగండి: "చెక్‌లిస్టు చదువుతున్నారా డాక్టరుగారూ?"