కావాలని కొట్టలేదట!

అట్లాంటాలో 2025 జనవరి 1న జరిగిన అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ పోటీ, పీచ్ బౌల్. ఆట ముగియడానికి ఇంకో నిమిషం ఉంది, స్కోరు 24–24. టెక్సస్ డిఫెండర్ మైకేల్ టాఫ్ హెల్మెట్ వెళ్లి అరిజోనా స్టేట్ రిసీవర్ మెల్క్వాన్ స్టోవల్ హెల్మెట్‌ను ఢీకొట్టింది. రీప్లేలో తిప్పితిప్పి చూసి ఇది ‘టార్గెటింగ్’ (తలకో మెడకో బలంగా తగిలించే ఫౌల్) కాదని తేల్చారు. 15 గజాలూ రాలేదు, కొత్తగా నాలుగు ప్రయత్నాలూ రాలేదు. అరిజోనా స్టేట్ బంతిని తన్ని అప్పగించి, రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత 39–31తో ఓడింది. ఎవరు గెలవాల్సిందన్న పంచాయితీలోకి మేం దిగడం లేదు. నాలుగో ప్రయత్నంలో 13 గజాలు కావలసిన చోట టచ్‌డౌన్ సాధించిన టెక్సస్ గెలుపును తక్కువ చేయలేం. మా అభ్యంతరమల్లా ఆ తీర్పును వెనకేసుకొస్తున్నవారు వల్లిస్తున్న ఒక్క మాట మీద: ‘అతను కావాలని కొట్టలేదు కదా!’

కొట్టలేదు. ఒప్పుకుంటాం. అయితే ఏమిటి?

క్రికెట్ చూసే మనకు ఇందులో తికమక అక్కర్లేదు. బౌలర్ చెయ్యి జారి బంతి నేల తాకకుండా నడుము పైకి దూసుకొస్తే అది నోబాల్. బౌలర్ చెయ్యెత్తి క్షమాపణ చెప్పుకుంటాడు, అంపైర్ ఆ చెయ్యి చూసి నోబాల్ వెనక్కి తీసుకోడు. అది ప్రమాదకరమనిపిస్తే హెచ్చరిస్తాడు, మళ్లీ వేస్తే బౌలింగ్ నుంచే తప్పిస్తాడు. చెయ్యి జారిందంటే నమ్మేవాళ్లం కూడా ఆ బంతిని లెక్కలో వేయమని అడగం.

కాలేజీ ఫుట్‌బాల్ నిబంధనలూ ఆటగాడి మనసులోకి తొంగి చూడమని రిఫరీకి చెప్పడం లేదు. ‘గురిపెట్టడం’ అన్న మాట నిర్వచనంలో ఉన్నమాట నిజమే. దాన్ని పట్టుకునే ఈ వాదన వేలాడుతోంది. కానీ దాన్ని తేల్చే గుర్తులేమిటో పుస్తకమే చెప్పింది: నేల విడిచి ఎగిరి మీద పడ్డాడా, వంగి పైకి పొడుచుకుంటూ లేచాడా, తల దించాడా, ఎదుటివాడి తలకో మెడకో హెల్మెట్‌నో భుజాన్నో మోచేతినో ముందుపెట్టి తగిలించాడా. ఇవన్నీ ఒంటి కదలికలు, కెమెరాకు దొరికేవి. పైగా సందేహం ఉంటే ఫౌలుగానే లెక్కించాలని అదే పుస్తకం ఖరాఖండిగా చెబుతోంది. సందేహ లాభం దెబ్బ తిన్నవాడికి, కొట్టినవాడికి కాదు. ‘ఉద్దేశం’ వాదన చడీచప్పుడు లేకుండా తలకిందులు చేసేది సరిగ్గా ఈ ఒక్క వాక్యాన్నే.

ఇందులో నిబంధనల కమిటీ పాపమూ ఉంది. రీప్లేలో ప్రతి అంశమూ రుజువైతేనే టార్గెటింగ్ నిలవాలి, ఏ ఒక్కటి తేలకపోయినా కొట్టేయాలి అని 2019లో మార్చారు. అంటే మైదానంలో సందేహం ఉంటే ఫౌల్, రీప్లేలో సందేహం ఉంటే ఫౌల్ కాదు! 2022 డిసెంబర్ 31న ఇదే స్టేడియంలో ఒహాయో స్టేట్ రిసీవర్ మార్విన్ హారిసన్ జూనియర్‌ను జార్జియా డిఫెండర్ జవాన్ బుల్లార్డ్ ఢీకొన్నప్పుడు రిఫరీ ఫౌల్ జెండా వేశాడు, రీప్లే దాన్ని రద్దు చేసింది. హారిసన్ మాత్రం కంకషన్‌తో ఇక ఆటలోకి రాలేదు. ఒహాయో స్టేట్ 42–41తో ఓడింది. తలకు గట్టిగా తగల్లేదని తీర్పు చెప్పారు. తల వేరే మాట చెప్పింది.

ఇక కొట్టినవాడి సంగతి. 1989 అక్టోబర్ 28న ఓల్ మిస్ డిఫెండర్ చకీ మలిన్స్, వాండర్‌బిల్ట్ ఆటగాడు బ్రాడ్ గెయిన్స్‌ను ఆపబోయి తల దించి అతని వీపును గుద్దాడు. గెయిన్స్‌కు పాస్ దక్కలేదు. మలిన్స్ లేవలేదు. మెడ వెన్నుపూసలు చితికిపోయి, కాళ్లూ చేతులూ చచ్చుబడి, 1991 మేలో 21 ఏళ్లకే కన్నుమూశాడు. 2010 అక్టోబర్‌లో రట్గర్స్ ఆటగాడు ఎరిక్ లెగ్రాండ్ కిక్‌ఆఫ్ అందుకుని పరుగెత్తుతున్నవాణ్ని తల వంచి అడ్డుకుని చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. వీళ్లెవరికి దురుద్దేశం ఉంది? తల దించి దూకడం కుట్ర కాదు, అలవాటు. కోచ్‌లు నేర్పింది, నేర్పకపోయినా చూసీ చూడనట్టు వదిలేసింది, గ్యాలరీ చప్పట్లు కొట్టి పెంచింది. అలవాటును మాన్పించేది శిక్ష ఒక్కటే.

మాన్పిస్తుందనడానికి లెక్కలున్నాయి. తలతో పొడిచే ట్యాకిల్‌ను 1976లో నిషేధించారు. మెడ గాయాలను ఏళ్ల తరబడి నమోదు చేసిన వైద్యుడు జోసెఫ్ టార్గ్ లెక్క ప్రకారం, ఫుట్‌బాల్‌లో మెడ విరిగి శాశ్వతంగా కాళ్లూచేతులూ పడిపోయినవారు 1976లో 34 మంది, 1977లో 18 మంది, 1984లో ఐదుగురు. ఆ ఎనిమిదేళ్లలో కుర్రాళ్ల మనసులు మారాయా? ట్యాకిల్ చేసే తీరు మారింది. ఉద్దేశాలు విచారిస్తూ కూర్చుని ఉంటే ఆ 34 అక్కడే ఉండేది.

ఆట మెత్తబడిపోతోందని మరో గోల. వీళ్లు నోరెళ్లబెట్టి చూసే ముందుకు విసిరే పాస్ కూడా, మైదానంలో చావులు ఆపలేక 1906లో తెచ్చిన సంస్కరణల్లో పుట్టిందే. సోఫాలో కూర్చుని ‘ఆడనివ్వండి’ అని అరిచేవారిని చూస్తే ఎద్దు పుండు కాకికి ముద్దన్న సామెతే గుర్తొస్తుంది.

ఒక ఫిర్యాదులో న్యాయం ఉంది. రెప్పపాటులో జరిగిన దెబ్బకు కుర్రాణ్ని ఆట నుంచే గెంటేయడం కొన్నిసార్లు మరీ ఎక్కువ. ఆ బరువుకు జడిసే రీప్లే చూసేవారు వెనకాడుతున్నారు. అయితే ఫౌల్‌నూ బహిష్కరణనూ విడదీయండి. తననుతాను కాపాడుకోలేని స్థితిలో ఉన్నవాడి తలకు బలంగా తగిలితే 15 గజాలు తప్పనిసరి, సందేహమున్నా సరే. బహిష్కరణ వేయాలా వద్దా అన్నది మాత్రం కొట్టిన తీరు చూసి తేల్చండి. ఉద్దేశం గురించి అంత బెంగ ఉన్నవారు అక్కడ వాదించుకోవచ్చు.

కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ నిబంధనల కమిటీ ముందుగా చేయాల్సింది 2019 నాటి షరతును ఎత్తేయడం. ఎత్తేయలేమంటే, సందేహం ఉంటే ఫౌలేనన్న వాక్యాన్ని పుస్తకంలోంచి కొట్టేయాలి. ఎవరి పక్షాన ఉన్నారో స్టోవల్‌కు, హారిసన్‌కు అప్పుడైనా స్పష్టంగా తెలుస్తుంది.