ఈ ప్రేమ ఎవరి కోసం?

మగపిల్లల ప్రేమను కథావస్తువుగా చేసుకుని వస్తున్న "బాయ్స్ లవ్" నాటకాల గురించి మన అభ్యుదయ శిబిరంలో రెండే అభిప్రాయాలు వినబడుతున్నాయి. ఇదంతా చావు దగ్గరపడ్డ బూర్జువా సంస్కృతి వదిలే కుళ్ళు అని కొందరంటారు. స్వలింగ ప్రేమికుల జీవితం ఇన్నాళ్ళకు తెరకెక్కింది, చప్పట్లు కొట్టండని మరి కొందరంటారు. మొదటివారు ఈ నాటకాలు చూడలేదు. రెండోవారు చూశారుగాని, పక్కన కూచుని ఇంకెవరు చూస్తున్నారో గమనించలేదు. నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది. రెండోవారితో కొంచెం తక్కువ.

ఈ రకం కథ మగవాళ్ళ కోసం పుట్టలేదు. 1970లలో జపానులో ఆడపిల్లల బొమ్మల పత్రికల్లో పుట్టింది. హగియో మోతో "థామస్ హృదయం" 1974లోనూ, తకెమియా కెయికో "గాలీ చెట్టూ పాట" 1976లోనూ మొదలయినాయి. రాసినవారు స్త్రీలు, చదివినవారు ఆడపిల్లలు, నాయకులు మాత్రం యూరపులో హాస్టలు బడుల కుర్రాళ్ళు. జపాను ఆడపిల్లకు జర్మనీ హాస్టలు కుర్రాడితో ఏం పని? పని ఉంది. ఆడపిల్ల నాయిక అయినప్పుడు కథ పెళ్ళి దగ్గరికో, కడుపు దగ్గరికో పోయి ఆగుతుంది. కుర్రాడి వేషం కట్టినట్టయితే ప్రేమా, ఈర్ష్యా, కామమూ, పశ్చాత్తాపమూ అన్నీ పరువు పోకుండా అనుభవించవచ్చు. దీన్ని కుళ్ళు అనేవారు ఆ పిల్ల వేషం మార్చవలసిన అవసరం ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి.

అయితే ఆ వేషం ఎవరి దగ్గర అరువు తెచ్చింది? 1992లో సాతో మసాకీ అనే ఉద్యమకారుడు, తాను స్వయంగా స్వలింగ ప్రేమికుడు, ఒక చిన్న స్త్రీవాద పత్రికలో ఈ ప్రశ్నే వేశాడు. ఈ కథల్లోని అందగాళ్ళకూ తనబోటివాళ్ళకూ పోలిక లేదనీ, తమ బతుకులను ఆడవాళ్ళు వినోదానికి వాడుకుంటున్నారనీ అతని ఆరోపణ. వివాదం ఏళ్ళతరబడి సాగింది. ఇవి అసలు స్వలింగ ప్రేమికుల గురించిన కథలే కావని కొందరు స్త్రీలు జవాబు చెప్పారు. ఈ జవాబులో నిజం ఉంది. కాని ఒకడి ముఖం తెచ్చి పెట్టుకుని, "నీ గురించి కాదులే" అంటే అతను నోరు మూసుకోవాలా?

చూసేవారు మారితే కథ ఎట్లా మారుతుందో తెలియటానికి రెండు ఉదాహరణలు చాలు. యోషినగా ఫుమి మొదట ఆడవారి కోసం ఇటువంటి కథలే రాసిన మనిషి. 2007లో "నిన్న ఏం తిన్నావు?" అనేదాన్ని మగవాళ్ళు చదివే వారపత్రికలో మొదలుపెట్టింది, 2019లో అది టెలివిజన్ నాటకం అయింది. ఒక లాయరూ, ఒక మంగలిషాపు పనివాడూ కలిసి కాపరం ఉంటారు. ఇద్దరూ నడివయసువాళ్ళు. ముద్దులు తక్కువ, కూరలు ఎక్కువ. లాయరు ఆఫీసులో సంగతి దాస్తాడు, బజారులో ధర తగ్గించిన సరుకు ఏరుకుంటాడు, ముసలి తల్లిదండ్రుల దగ్గర నీళ్ళు నములుతాడు. హాస్టలు కుర్రాళ్ళకు లేని ఇంటి ఖర్చు ఇక్కడ ప్రత్యక్షమయింది.

రెండోది ఇంకా చిత్రమైనది. తగామె గెంగోరో ఎంతోకాలం స్వలింగ ప్రేమికుల పత్రికలకు దిగంబరమైన, మోటైన శృంగారం గీసినవాడు. 2014 నుంచి 2017 దాకా మామూలు మగ పాఠకుల పత్రికలో "నా తమ్ముడి భర్త" గీశాడు, 2018లో ఎన్‌.హెచ్‌.కె. దాన్ని నాటకంగా ప్రసారం చేసింది. ఇక్కడ కథ నడిపేవాడు స్వలింగ ప్రేమికుడు కాడు, కూతుర్ని పెంచుకునే మామూలు తండ్రి. కెనడా నుంచి వచ్చిన మరిది (మరేమనాలో మన భాషకు ఇంకా తెలియదు) సౌమ్యుడు, పిల్లకు ఇష్టుడు, పైగా భర్తను పోగొట్టుకున్నవాడు. అంటే కథ పొడుగునా అతను ఎవరినీ కోరనక్కర్లేదు! నేను ఆ కథను మెచ్చుకుంటాను. కాని అదే రచయిత అదే మనిషిని ఒకరి ముందు కామంతోనూ, మరొకరి ముందు వైధవ్యంతోనూ నిలబెట్టటం ప్రతిభకు సంబంధించిన విషయం కాదు, డబ్బిచ్చి పత్రిక కొనేవాడికి సంబంధించిన విషయం.

థాయిలాండులో ఇది పరిశ్రమ. "లవ్ సిక్" 2014, "సోటస్" 2016, "టుగెదర్" 2020. కాలేజీ కుర్రాళ్ళు, ఒకడు "మొగుడు", ఒకడు "పెళ్ళాం". నేను మగవాళ్ళను ప్రేమించను, నిన్నొక్కణ్ణే ప్రేమిస్తాననే డైలాగు దాదాపు ఆచారం అయిపోయింది. సన్నివేశం మధ్య నాయకుడు చిరుతిండి పొట్లాన్ని పేరు కనబడేట్టు తిప్పి పట్టుకుంటాడు. నటులను జంటగా అమ్ముతారు. జంటలో ఒకడికి ప్రియురాలు ఉన్నదని పొక్కిందంటే అభిమానులు గోల చేస్తారు. ప్రేక్షకులు మూర్ఖులు కనక ఇదంతా జరుగుతోందనటం తప్పు. 2021లో వచ్చిన "బ్యాడ్ బడ్డీ" ఆ మొగుడూ పెళ్ళాల వాటాలను ఎగతాళి చేసింది, అయినా జనం విరగబడి చూశారు. 2025 జనవరి 23 నుంచి అక్కడ ఇద్దరు మగవాళ్ళు చట్టప్రకారం పెళ్ళాడవచ్చు. అటువంటి పెళ్ళి చేసుకున్న కార్మికుడి కథను ఏ చిరుతిండి కంపెనీ పోషిస్తుందో చూడాలి.

చైనా దగ్గరికి వచ్చేసరికి మనవాళ్ళు గొంతు తగ్గిస్తారు. అక్కడ మూడో ప్రేక్షకుడున్నాడు, సెన్సారు. అందరికన్నా ముందు అతనే చూస్తాడు. 2016 ఫిబ్రవరిలో "అడిక్టెడ్" అనే సీరియల్‌ను పూర్తికాకుండానే తీసేశారు. 2019లో "ది అన్‌టేమ్డ్" వచ్చింది. నవలలో ప్రేమికులైన ఇద్దరు తెరమీద ఆప్తమిత్రులయినారు. ఒక చూపుకూ మరో చూపుకూ మధ్య మిగిలిన కథను ప్రేక్షకులే పూరించుకున్నారు. అభిమానులు దీనికి వేళాకోళంగా పెట్టిన పేరు "సోషలిస్టు సోదరభావం". 2021 సెప్టెంబరులో ప్రసారాల శాఖ "ఆడంగి" మగవాళ్ళను తెరమీద కనబడనివ్వవద్దని ఆజ్ఞ జారీచేసింది.

ఆంక్షల వల్లనే ఆ చూపులకు అంత అందం వచ్చిందని వాదించే రసికులున్నారు. 2018లో వూహులో ఒక కోర్టు తియన్‌యీ అనే కలంపేరుగల రచయిత్రికి ఇటువంటి నవల రాసి అమ్మినందుకు పదిన్నర ఏళ్ళు శిక్ష వేసింది. ఏడువేల పైచిలుకు ప్రతులు అమ్ముడయినాయట. పదిన్నర ఏళ్ళు! అందం గురించి ఆమెను అడగాలి.

మన మొదటి మిత్రుడు "కుళ్ళు" అన్నప్పుడు అది మార్క్సిజం నేర్పిన మాట అనుకుంటున్నాడు. ఆ మాట 1860లో దొరలు మన శిక్షాస్మృతిలో 377వ సెక్షనుగా రాసిపెట్టినది; మన సుప్రీంకోర్టు దాని కోరలు తీసేసరికి 2018 సెప్టెంబరు వచ్చింది. అదే సంవత్సరం వూహు కోర్టు తన తీర్పు చెప్పింది. మిత్రుడు ఆ జడ్జీ పక్కనుంచి లేచి ఇవతలికి వస్తే, చిరుతిండి పొట్లాల సంగతి ఇద్దరం కలిసి మాట్లాడుకోవచ్చు.