సంఘపు ట్రాక్టరును అమ్మవలయునా?

వార్షిక సర్వసభ్య సమావేశముల కాలము సమీపించుచున్నది. నివేదిక చదువఁబడును, జమాఖర్చులు వినిపింపఁబడును, సభ్యులు చేతు లెత్తి యామోదించి పొలములకు మరలుదురు. ఇది యేఁటేఁట జరుగునదియే. కాని మేము తిరుగు గ్రామములలో నొకటి రెండు సంఘముల కార్యక్రమపత్రములలో నీ సారి క్రొత్త తీర్మాన మొకటి చేరినట్లు వినుచున్నాము. ట్రాక్టరు బాడుగ శాఖ నష్టములో నడచుచున్నది గావున దానిని వేలము వేయవలయునఁట. ఆ తీర్మానమునకుఁ జేయి యెత్తుటకుఁ బూర్వము సభ్యులు పాలకవర్గము నొక ప్రశ్న యడుగవలయునని మా యభిప్రాయము. "నష్టము ఏ పనిలో వచ్చినది?" అనునదియే యా ప్రశ్న.

ఈ విషయమున మాకుఁ గల పట్టుదలకుఁ గారణము లేకపోలేదు. కొన్ని సంవత్సరముల క్రిందట మే మెఱిఁగిన యొక సంఘము తన ట్రాక్టరును, రొటావేటరును ఇట్లే వేలము వేసినది. ఆ సమావేశమున మేమును గూర్చుండి యుంటిమి. కార్యదర్శి చదివిన యంకెలలోఁ గూడిక తప్పు లేదు; కావున మేము మిన్నకుంటిమి. మఱుసటి తొలకరిలోఁ బ్రైవేటు ట్రాక్టర్లు మొదట పెద్ద కమతములకుఁ బోయినవి. అరయెకరము, ఎకరము గలవారు నారు ముదురుచుండఁగా గట్టుమీఁద నిలిచి వంతుకొఱకు వేచియుండిరి. ఇన్ని దినముల నారు నాటుఁడని వారికిఁ బోధించుచుఁ దిరిగినవారము మేమే. "దమ్ము చేయువారు రాక నాటుట యెట్లయ్యా?" అని యొక వృద్ధురాలు మమ్ము నడిగినప్పుడు మాకు సమాధానము తోఁపలేదు. కూడిక సరియైనంత మాత్రమున లెక్క సరియైనట్లు కాదని మాకు నాఁడు తెలిసినది.

ఆ లెక్కలోని లోప మెట్టిదో యొక యుదాహరణముచేఁ జూపెదము. ఇందలి సంఘమును అంకెలును మేము కల్పించుకొన్నవి. పద్ధతి మాత్రము ఎల్ల సంఘములకుఁ జెల్లును.

ఒక సంఘపు ట్రాక్టరు ఏఁడాదిలో 600 గంటలు దున్నినది. మొత్తము ఖర్చు 6,00,000 రూపాయలు. పాలకవర్గము ఖర్చును గంటలచే భాగించి, గంటకు 1,000 రూపాయలు బాడుగ నిర్ణయించినది. పెద్ద రైతునకు నదే ధర, చిన్న రైతునకు నదే ధర. చూచుటకు న్యాయముగానే యున్నది.

ఇపు డా 6,00,000 రూపాయలు ఏయే పనులకైనవో విడఁదీసి చూతము. పొలములో దున్నుటకు డీజిలు, మరమ్మతు, డ్రైవరు జీతము, భీమా, యంత్రపుఁ దఱుగుదల కలిసి 4,20,000. ఒక పొలమునుండి మఱియొక పొలమునకుఁ బోవుటకును, పనిముట్లు తగిలించి విప్పుటకును 1,20,000. చీటీ వ్రాయుట, పద్దు వేయుట, బాడుగ వసూలుకై తిరుగుట, వీనికి 60,000. మొదటిది గంటలను బట్టి పెరుగును. 600 గంటలకు గంట కొక్కింటికి 700 రూపాయలు. రెండవది గంటలను బట్టి పెరుగదు. ఎన్ని మాఱులు కదలవలసి వచ్చినదో దానిని బట్టి పెరుగును. ఏఁడాదిలో 300 మాఱులు కదలినచో ట్రిప్పునకు 400 రూపాయలు. మూఁడవదియు నంతే, 300 చీటీలకుఁ జీటీకి 200 రూపాయలు.

ఈ లెక్కను బట్టి, ఒక గంటలో ముగియు అరయెకరపు దమ్మునకు సంఘమునకు నిజముగా నగు ఖర్చు 700, 400, 200 కలిసి 1,300 రూపాయలు. సంఘము తీసికొనునది 1,000. అయిదు గంటలు దున్నించు రైతు పొలమునకు నగు ఖర్చు 3,500, 600 కలిసి 4,100. అనఁగా గంటకు 820. సంఘము తీసికొనునది గంటకు 1,000. పెద్దరైతు తనకుఁ దెలియకయే చిన్నరైతు బాడుగలోఁ గొంత చెల్లించుచున్నాఁడు. సంఘమునకును తెలియదు. తెలిసినవాఁడు ప్రైవేటు ట్రాక్టరు యజమాని యొక్కఁడే. అతఁడు గంటకు 900 రూపాయలని చెప్పి పెద్ద కమతముల నన్నిటిని దనవైపునకుఁ ద్రిప్పుకొనును.

అట్లు అయిదేసి గంటల పనులు 60 పోయినవనుకొందము. సంఘమునకు 300 గంటలును, 240 చిన్న పనులును మిగులును. పోయిన పనుల ట్రిప్పు ఖర్చును, వ్రాత ఖర్చును పూర్తిగాఁ దగ్గినవనియే యెంచుదము. గంటకు 700 రూపాయలలో జీతము, భీమా, తఱుగుదల అను స్థిరవ్యయము 300 అనుకొన్నచో, ఆ 300 గంటలు పోయినను 90,000 రూపాయల స్థిరవ్యయము సంఘము నెత్తిమీఁదనే నిలుచును. అపుడు మొత్తము ఖర్చు 4,44,000, వచ్చు బాడుగ 3,00,000, నష్టము 1,44,000. పాలకవర్గము బాడుగ పెంచును. మఱికొందఱు పోవుదురు. నష్టము పెరుగును. తుదకు వేలపు తీర్మానము వచ్చును. ఇది ట్రాక్టరు దోషము కాదు. డ్రైవరు దోషమును గాదు. సగటు లెక్క చేసిన పని.

ఇది మన పల్లెసంఘములకు మాత్రమే కలిగిన తిప్ప లనుకొనవలదు. 1837లో ఉక్కు నాగలి చేసి పేరొందిన జాన్ డీర్ స్థాపించిన సంస్థ యమెరికాలో నేఁటికిని ట్రాక్టర్లు చేయుచున్నది. 1980వ దశాబ్దిలో నచ్చటి వ్యవసాయము మందగించి, ట్రాక్టర్ల యమ్మకములు తగ్గినపుడు, అయోవా రాష్ట్రమున వాటర్లూ పట్టణమునందలి యా సంస్థ విడిభాగముల కర్మాగారము పనికొఱకు టెండర్లు వేయసాగినది. వేలకొలఁది యొకే తీరున చేయవలసిన భాగములు తమ యంత్రములకుఁ దగినవి; ఆ టెండర్లు వారికి రాలేదు. కొద్దికొద్దిగాఁ జేయవలసిన, మాటిమాటికి యంత్రమును సరిచేసికొనవలసిన భాగముల టెండర్లే వారికి వచ్చినవి. ఉమ్మడి ఖర్చును కూలిని, యంత్రగంటలను బట్టి పంచుటయే యిందులకుఁ గారణమని వారు గ్రహించి, ఖర్చును ఏడు విధములైన పనులుగా విభజించి తిరిగి లెక్క వేసిరి. యంత్రమును సరిచేయుటకుఁ బట్టు కాలము, సరకు మోయుట, ఉత్తరువులు వ్రాయుట మున్నగునవి వేఱు వేఱుగాఁ గనఁబడినవి. హార్వర్డు విశ్వవిద్యాలయపు టాచార్యులు రాబిన్ కూపర్, రాబర్ట్ కాప్లాన్ అనువారు ఇట్టి యుదాహరణములను బరిశీలించి, 1980వ దశాబ్ది చివర నీ పద్ధతిని లోకమునకుఁ జాటిరి. దానినే యాక్టివిటీ బేస్డ్ కాస్టింగ్ అందురు. పనివారీ ఖర్చు లెక్క యని మనము చెప్పుకొనవచ్చును. ట్రాక్టర్లు చేయువారికిఁ బట్టిన చిక్కే ట్రాక్టరు నడుపు మనకును బట్టినది.

ఇచట నొక యాక్షేపణ వచ్చును. అది న్యాయమైన యాక్షేపణ. "అయ్యా, మీ లెక్క ప్రకారము అరయెకరపువానియొద్ద 1,300 తీసికొమ్మందురా? దీనికా సంఘము పెట్టుకొన్నది?" అని యడుగువా రుందురు. కాదు. ఖర్చు తెలిసికొనుట వేఱు. ధర నిర్ణయించుట వేఱు. వర్తకుఁడు మొదటిదాని వెంటనే రెండవదానిని జేయును. 2015-16 వ్యవసాయ గణన ప్రకారము దేశమునఁ గమతములలో నూటికి 86 రెండు హెక్టార్లకు లోఁబడినవే. వారిని వదలిన సంఘము సంఘము గాదు. మేము చెప్పున దేమనఁగా, సంఘము చిన్నరైతునకు సాయము చేయఁదలఁచినచో, ఆ సాయమెంతో తెలిసి చేయవలయును. సర్వసభ్య సమావేశమున నా మొత్తమును బేర్కొని యామోదము పొందవలయును. సగటు చాటునఁ జేసిన సాయము నెవ్వరును గుర్తింపరు. అది కాస్తయు నష్టమను పేర వేలమునకుఁ బోవును.

అంతకంటె ముఖ్యమైన ప్రయోజన మొకటి కలదు. ఖర్చు ఏ పనిలోఁ బెరుగుచున్నదో తెలిసినపు డా పనినే తగ్గింపవచ్చును. పై యుదాహరణమునఁ జిన్నరైతు భారము దుక్కిలో లేదు; ట్రిప్పులో నున్నది, చీటీలో నున్నది. ఒకే కాలువక్రింద నానుకొనియున్న నాలుగు అరయెకరముల వారు కలిసి యొకే దినమున, ఒకే చీటీపై ట్రాక్టరును బిలిచిరనుకొందము. నాలుగు గంటల దుక్కికి 2,800, ఒక ట్రిప్పునకు 400, ఒక చీటీకి 200, మొత్తము 3,400. ఒక్కొక్కరికి 850 రూపాయలు. ప్రైవేటు ట్రాక్టరు 900 కంటె నిది తక్కువ. చిన్నరైతు చిన్నతనము పోలేదు. ఒంటరితనము మాత్రము పోయినది. సహకారమన్న మాట కర్థ మిదియే కదా! చేను దూరముగా నుండి యెవ్వరితోను గలియఁజాలని వారుందురు. వారి విషయమున నా 300 రూపాయలు సంఘము భరింపవచ్చును. భరించినట్లు పద్దులోఁ గనఁబడవలయును, అంతే.

అయినను ఒక హెచ్చరిక. ట్రిప్పులు తగ్గినంత మాత్రమున డ్రైవరు జీతము తగ్గదు. చీటీలు తగ్గినంత మాత్రమున గుమాస్తా జీతము తగ్గదు. డీజిలు మిగులును, కాలము మిగులును. ఆ కాలమును వేఱొక పనికి వినియోగించినప్పుడే యది లాభము. ఏ పనికి వినియోగింతుమో ముందుగాఁ దెలియవలయునన్నచో బడ్జెట్టు కావలయును.

మన సంఘములలో బడ్జెట్టు వేయుట లేదని మేము చెప్పము. నిరుటి యంకెకు నూటికి పది చేర్చి వ్రాయుదురు. అది గ్రుడ్డెద్దు చేనఁ బడిన చందము. పెద్ద వ్యాపారసంస్థలలో మాస్టర్ బడ్జెట్టు అను సమగ్రమైన యంచనా యొక క్రమమునఁ దయారగును. ముందుగా ఎంత యమ్ముడుపోవునో యంచనా. దానినుండి ఎంత తయారు చేయవలయునో. దానినుండి సరకు, కూలి, ఉమ్మడి ఖర్చులు. వీని నన్నిటినుండి నెలనెల రొక్కపు రాకపోకలు. కడపట లాభనష్టములు, ఆస్తియప్పుల పట్టిక. ఒకదానినుండి యొకటి పుట్టును. ఏదియు గాలిలో వ్రాసినది గాదు.

మన సంఘమున కీ క్రమము మఱింత సులభము. తొలకరికి ముందే, ఎవరెవరు ఎన్ని యెకరములు, ఏ పైరు, ఏ వారమున వేయఁదలఁచిరో వాడవాడలఁ దెలిసికొనవలయును. అందుండి గంటలు, గంటలనుండి డీజిలు తేలును; పొలముల యునికినిబట్టి ట్రిప్పులు తేలును. రొక్కపుటంచనా వ్రాసినపు డసలు సంగతి బయలుపడును: ఖర్చు జూను, జూలై మాసములలోఁ బోవును, బాడుగ పంట చేతికి వచ్చిన పిదపఁగాని రాదు. ఆ నడుమ లోటు ఎంతయో ముందే తెలిసినచో జిల్లా కేంద్ర సహకార బ్యాంకుతో మాటలాడుటకు వ్యవధి యుండును. డీజిలు లేక ట్రాక్టరు షెడ్డులో నిలిచిన దినమునఁ బోయి యడిగినఁ బ్రయోజన మేమి?

వానలు మన బడ్జెట్టును జదివి కురియవు. కావున నంచనాను సవరించుట సిగ్గుపడవలసిన పని కాదు. 600 గంటల కంచనా వేయఁగా వానలు లేక 450 గంటలే దున్నిన దనుకొందము. గంటకు మాఱు వ్యయము 400 చొప్పున 1,80,000; స్థిరవ్యయము తగ్గక 1,80,000; దుక్కి ఖర్చు గంటకు 800 అగును. ఆ పెరిగిన 100 రూపాయలను కఱవునాఁటి రైతుమీఁద వేయుట తగదు. అది దుక్కి ఖర్చు గాదు; ఖాళీగా నిలిచిన 150 గంటల ఖర్చు, అనఁగా 45,000 రూపాయలు. దానిని వేఱుగా వ్రాసి, ట్రాలీతో సరకు తోలుటవంటి పనులచే నెంత పూడ్చుకొనఁగలమో పాలకవర్గ మాలోచింపవలయును.

ఇంత లెక్క వ్రాయువా రెవరని కార్యదర్శు లడుగుదురు. పెద్ద సంస్థలలోఁ గూడ నీ పద్ధతి మితిమీఱిన వివరములచే బరువై పోయెను. అందుచేతనే 2004లోఁ గాప్లాన్, స్టీవెన్ యాండర్సన్ అనువారు దానిని దేలిక చేసిరి. రెండు సంగతులు తెలిసినఁ జాలునని వారి మతము: పనివాని యొక గంట కగు ఖర్చెంత? ఒక్కొక్క పనికిఁ బట్టు కాలమెంత? మనకు గావలసినది డ్రైవరు చేతిలో నొక చిన్న పుస్తకము. బయలుదేఱిన వేళ, చేరిన వేళ, దున్నుట ముగిసిన వేళ, ఈ మూఁటిని వ్రాసినఁ జాలును. 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములకుఁ గంప్యూటర్లు సమకూర్చు పథకమును 2022లోఁ గేంద్ర ప్రభుత్వ మామోదించినది. కంప్యూటరు వచ్చుట మంచిదే. కాని మనము వ్రాయని ట్రిప్పును కంప్యూటరు కనిపెట్టలేదు.

కావున సభ్యులకు మా మనవి యిది. వేలపు తీర్మానము వచ్చినపుడు దానిని ఒక యేఁడు వాయిదా వేయుఁడు. ఆ యేఁడు డ్రైవరు పుస్తకమును వ్రాయింపుఁడు. తొలకరికి ముందే వాడవారీగాఁ గలిసి ట్రాక్టరును గోరుఁడు. అటుపిమ్మటఁ గూడ నష్టమే వచ్చినచో, ఏ పనిలో వచ్చినదో తెలిసి యమ్ముఁడు. అప్పుడు మేమును చేయి యెత్తెదము. గట్టుమీఁద వేచియున్న యా వృద్ధురాలికిఁ జెప్పవలసిన సమాధానము మాకు నేఁటికిని బాకీయే. మీరును అట్టి బాకీ పడవలదని కోరుచున్నాము.