నది భద్రతా వ్యవహారమైతే

1960లో నెహ్రూ, అయూబ్ ఖాన్ కరాచీలో సంతకాలు చేసిన సింధు జలాల ఒప్పందం ఆరు నదులను పంచింది. 1965, 1971 యుద్ధాలను సైతం తట్టుకొని నిలిచింది. పహల్గామ్‌లో ఉగ్రవాదులు 26 మందిని బలిగొన్న పిమ్మట, 2025 ఏప్రిల్ 23న భారత్ దానిని నిలిపివేసింది. తన వాటా నీటిని ఆపినా, మళ్లించినా యుద్ధచర్యగా పరిగణిస్తామని పాకిస్తాన్ మరునాడే ప్రకటించింది.

అమాయకుల ప్రాణాలు తీసినవారికి శిక్ష పడవలసిందే. అయితే నీరు భద్రతా వ్యవహారంగా మారితే ప్రవాహాల లెక్కలు రహస్యాలవుతాయి; ఇంజనీర్ల సంప్రదింపులు ఆగిపోతాయి; రైతు గోడు ఎవరికీ వినబడదు.

అదే ఏడాది ఆగస్టులో తవి నదికి వరద ముప్పు ఏర్పడగా, భారత్ మానవతా దృష్టితో దౌత్య మార్గంలో పాకిస్తాన్‌ను హెచ్చరించింది. ఆగ్రహంలోనూ పొరుగువారి ప్రాణాన్ని మరువని ఆ గుణమే నదికి ఇరువైపులా నిజమైన భద్రత.