గడియ వేయడం పిసినారితనం కాదు

"ఇంటి వై-ఫైకి సంకేతపదమెందుకు? నా దగ్గర దాచుకోవలసిన రహస్యాలేమున్నాయి?" అని అడిగేవారు మనలో ఇప్పటికీ ఉన్నారు. చెవికి ఔదార్యంగానే వినిపించే మాట. తరచి చూస్తే మాత్రం అందులో కనిపించేది అలసత్వమే.

ఈ వాదానికి పెద్దల అండ లేకపోలేదు. భద్రతా శాస్త్రంలో లబ్ధప్రతిష్ఠుడైన బ్రూస్ ష్నయర్, తన ఇంటి నిస్తంత్రీ జాలానికి తాళం వేయననీ, అతిథికి అంతర్జాలం అందించడం కనీస మర్యాద అనీ 2008 జనవరిలో వ్రాశాడు. తన కంప్యూటర్లను కాచుకోవడం ఎరిగినవాడు కనుక ఆయనకు చెల్లింది. అదే ఏడాది జూలై 26న అహమదాబాదులో బాంబులు పేలాయి. పేలుళ్ళకు కొద్ది నిమిషాల ముందు వార్తాసంస్థలకు అందిన ఈ-లేఖ జాడ తీస్తే, అది నవీ ముంబైలో నివసిస్తున్న ఒక అమెరికా దేశస్థుని ఇంటి కనెక్షను వద్ద తేలింది. ఆయన వై-ఫైని మరెవరో వాడుకున్నారు. నిర్దోషి అని తేలేలోగా ఆయన పోలీసు విచారణకు తలవంచక తప్పలేదు.

చలివేంద్రం పెట్టినవానిని, అక్కడ దాహం తీర్చుకున్నవాడు చేసిన నేరానికి ఎవరూ నిలదీయరు. వై-ఫై సంగతి వేరు. ఇంట్లో ఎన్ని పరికరాలున్నా, ఎవరు చొరబడినా, బయటికి కనిపించే చిరునామా ఒక్కటే. అది మీ పేరిట నమోదైన చిరునామా!

"మాకు తాళం ఉందిగా" అని నిశ్చింతగా ఉండేవారికీ ఒక మాట. ఏ తాళం? 1997 నాటి డబ్ల్యుఈపీ లోపం 2001లోనే బయటపడింది. 2007లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ పరిశోధకులు దానిని నిమిషంలోపే ఛేదించి చూపారు. 2004లో వచ్చిన డబ్ల్యుపిఎ2, 2018లో వచ్చిన డబ్ల్యుపిఎ3 ఉండగా ఆ తుప్పు తాళమెందుకు?

ఇక సంకేతపదం. కనెక్షను బిగించడానికి వచ్చిన కుర్రవాడు మీ సెల్‌ఫోను నంబరునే సంకేతపదంగా పెట్టి వెళతాడు. మనమూ మార్చము. మన దేశంలో సెల్‌ నంబర్లు 6, 7, 8, 9లతో మొదలవుతాయి కనుక సాధ్యమైనవి 400 కోట్లు. పెద్ద సంఖ్యే! కానీ డబ్ల్యుపిఎ2లో ఫోనూ రౌటరూ జరుపుకొనే తొలి పలకరింపును గాలిలో పట్టుకున్నవాడు తన ఇంట కూర్చునే, మేలురకం గ్రాఫిక్స్ కార్డుతో సెకనుకు పది లక్షల నంబర్లు పరీక్షించగలడు. గంట పైచిలుకు పని.

వేమన పద్యపాదమూ పనికిరాదు. అది అందరికీ కంఠస్థమే. ఒకదానితో ఒకటి పొసగని నాలుగైదు తెలుగు మాటలను ఆంగ్ల లిపిలో కూర్చండి. 63 అక్షరాల దాకా చోటుంది. రౌటరు లోపలి అమరికలకు కంపెనీ ఇచ్చిన సంకేతపదాన్ని మార్చండి. మీట నొక్కి, పిన్ను కొట్టి కలుపుకొనే డబ్ల్యుపిఎస్ సదుపాయాన్ని ఆపివేయండి. అందులోని ఎనిమిదంకెల పిన్ను 11,000 ప్రయత్నాలకు మించి నిలవదని 2011లోనే తేలింది.

మరి అతిథి మర్యాద? నేటి రౌటర్లలో చాలావాటికి అతిథుల కోసం వేరే జాలం ఏర్పాటు ఉంది. దానికొక ప్రత్యేక సంకేతపదం పెట్టి, వచ్చినవారికి మీరే చెప్పండి. ఎవరికి ఇస్తున్నామో ఎరిగి ఇచ్చేదే దానం. ఎరుగక పోగొట్టుకున్నదానికి ఆ పేరు పెట్టుకోవడం ఆత్మవంచన.