శాలువాలకు డబ్బుంది, హార్డ్ డిస్కుకు లేదా?

కొంచెం పెద్ద పోస్టు. కోపం వచ్చినా చివరిదాకా చదవండి.

మన ఆఫీసు కంప్యూటరు పది రోజులుగా టక్ టక్ మంటోంది. అది డిస్కు చావు కేక. అందులో ఏముందో మరిచిపోయామా? ఊరూరా తిరిగి అవ్వల చేత పాడించుకున్న పెళ్ళి పాటలు, ఏడ్పు పాటలు, పాత ఫోటోలు, సభ్యుల పట్టీ. పాడినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. మళ్ళీ ఎవరి చేత పాడిస్తాం?

కమిటీలో అడిగితే ఏమన్నాం? "సి డ్రైవ్‌లో ఉంది, డి డ్రైవ్‌లో ఇంకో కాపీ ఉంది, భయం లేదు." అయ్యా, మన పెట్టెలో ఉన్నది ఒకే డిస్కు. సి, డి దాన్ని రెండుగా గీసిన గీతలు. ఒకే బోగీలో రెండు గదులు. బోగీ పట్టాలు తప్పితే రెండు గదులూ పడతాయి.

"కొత్త కంప్యూటరు కొనాలి, అంత ఫండు లేదు" అన్నాం. ఎందుకు కొనాలి? పక్క మూత విప్పి చూడండి. డిస్కు పెట్టే ఖాళీ అర ఉంది, మదర్‌బోర్డు మీద సాటా సాకెట్లు ఖాళీగా ఉన్నాయి, పవర్ సప్లై నుంచి ఒక వైరు ఊరికే వేలాడుతోంది. కావలసింది ఒక డిస్కు, ఒక సాటా కేబులు, నాలుగు స్క్రూలు. ప్లగ్గు పీకి చెయ్యాలి, అంతే. తర్వాత విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి కొత్తదాన్ని మాత్రమే ఫార్మాట్ చెయ్యాలి. పొరపాటున పాతదాన్ని నొక్కితే పాటలు పోతాయి. కాబట్టి తెలిసిన పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుందాం. మొదట పాటలు కాపీ చేద్దాం, ఫంక్షన్ వీడియోలు తర్వాత.

"వాట్సాప్‌లో అందరికీ పంపాం కదా" అనేవాళ్ళకు ఒక మాట: వాట్సాప్ ఫోటోను కుదించి పంపుతుంది. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. మన సరుకు దానికి ఎన్నో రెట్లు.

రెండో డిస్కు పెట్టి చేతులు దులుపుకోకూడదు. రెండూ ఒకే పెట్టెలో ఉంటే పిడుగుకు, దొంగకు, నీళ్ళకు ఒకేసారి దొరుకుతాయి. 2015 డిసెంబరు చెన్నై వరదలు మరిచామా? మూడోది బయట పెట్టుకునే డిస్కు, వేరే పేటలో ఒక సభ్యుడి ఇంట్లో ఉండాలి. మూడు నెలలకోసారి తెచ్చి కొత్తవి ఎక్కించాలి. రైల్వే పార్సిల్ ఆఫీసులో అరటిపళ్ళ బుట్టకు కూడా కార్బన్ పెట్టి బిల్లు రాసేవాళ్ళం. మన అవ్వల గొంతుకు ఆ మాత్రం విలువ లేదా?

మనలో చాలామందికి బడిలో తెలుగు దొరకలేదు. 2006 చట్టంతో మన పిల్లలకు ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. దాని మీద ధర్నాలు చేశాం, మంచిదే. కానీ చేతిలో ఉన్న తెలుగును మనమే పోగొట్టుకుంటే ఏ సర్కారును తిట్టగలం?

పోయిన ఉగాదికి శాలువాలకు, ఫ్లెక్సీలకు పెట్టిన ఖర్చులో సగం కూడా కాదిది. వచ్చే కమిటీ మీటింగులో ఇదే మొదటి అంశం కావాలి. అంతవరకు దయచేసి ఆ కంప్యూటరును ఊరికే ఆన్ చెయ్యకండి.